అంతర్జాతీయ రచ్చబండపై ఎవరి పిల్లలు?

గత విద్యా సంవత్సరంలో ఎల్‌ఎల్‌ఎం తరగతికి అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ పాఠం ముగించి వస్తుంటే ఒక విద్యార్థిని నా గది దాకా వచ్చింది. ఆమెది విశాఖ ఏజెన్సీలో, చింతపల్లి వైపు ఊరు. ‘‘ఈ రంగంలో లాయర్‌గా నిలబడాలంటే ఏం చదవాలి సార్?’’ అని అడిగింది. నాకు తెలిసిన పుస్తకాలు, కోర్సులు, విశ్వవిద్యాలయాల పేర్లు చెప్పాను. అన్నీ ఓపికగా రాసుకుని, ‘‘చదవడం సరే సార్, ఎవరు తెలిసి ఉండాలి?’’ అంది. పదిహేనేళ్లకు పైగా న్యాయశాస్త్రం బోధిస్తున్నాను. ఈ ప్రశ్నకు జవాబు ఏ పాఠ్యప్రణాళికలోనూ లేదు. కానీ ఈ వృత్తి గురించి నేను విన్న ప్రశ్నలన్నింటిలోనూ సరైనది ఇదే.

ఆర్బిట్రేషన్ అంటే కోర్టు బయట జరిగే తీర్పు. మన ఊళ్లలో రచ్చబండ పద్ధతి తెలిసినవారికి దీన్ని వివరించడం కష్టం కాదు. తగాదా పడిన ఇద్దరూ చెరొక పెద్దమనిషిని ఎంచుకుంటారు. ఆ ఇద్దరూ కలిసి మూడో వ్యక్తిని పెద్దగా కూర్చోబెడతారు. ముగ్గురూ విని చెప్పిందే తీర్పు. రెండు కంపెనీల మధ్య ఒప్పందం చెడితే అది వాణిజ్య ఆర్బిట్రేషన్. ఒక విదేశీ పెట్టుబడిదారు ఒక ప్రభుత్వాన్నే నేరుగా బోనెక్కిస్తే అది పెట్టుబడుల ఆర్బిట్రేషన్. రెండో దానికి ఆధారం దేశాల మధ్య కుదిరే ద్వైపాక్షిక పెట్టుబడుల ఒప్పందాలు. ప్రపంచ బ్యాంకు నీడలో 1965లో కుదిరిన వాషింగ్టన్ ఒడంబడికతో ఏర్పడిన ‘ఇక్సిడ్’ వీటికి ప్రధాన వేదిక. భారతదేశం ఆ ఒడంబడికలో ఇప్పటికీ చేరలేదు. అయితే వేరే నిబంధనల కింద మన ప్రభుత్వంపై కేసులు నడుస్తూనే ఉన్నాయి.

రచ్చబండ అనగానే మన సమాజంలో సగం మందికి న్యాయం గుర్తొస్తుంది, మిగతా సగం మందికి భయం గుర్తొస్తుంది. అరుగు మీద కూర్చునేదెవరు, దూరంగా చేతులు కట్టుకుని నిలబడేదెవరు అన్నది తగాదా రాకముందే తేలిపోయి ఉండేది. అంతర్జాతీయ రచ్చబండ కొత్తది, ఖరీదైనది, ఇంగ్లిషులో మాట్లాడుతుంది. అక్కడ అరుగు ఎక్కే దారి ఎలా ఉంటుందో చూద్దాం.

మొదటి మెట్టు పేరున్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం. రెండోది మూట్ కోర్టు పోటీ. వియన్నాలో ఏటా ఈస్టర్‌కు ముందు జరిగే విల్లెం విస్ మూట్‌కు ప్రపంచం నలుమూలల నుంచి మూడు వందలకు పైగా జట్లు వస్తాయి. 1990ల తొలినాళ్లలో మొదలైన ఈ పోటీ పేరుకు విద్యార్థుల వాదన, నిజానికి అది వృత్తి తన వారసులను ఎంచుకునే సంత. న్యాయనిర్ణేతలుగా కూర్చునేది రేపటి యజమానులే. నమోదు రుసుము, విమాన ఛార్జీలు, వారం రోజుల వసతి, చలికోటు అన్నీ కలిపి చూస్తే, స్కాలర్‌షిప్ ఆలస్యమైతే మెస్ బిల్లు కట్టలేని విద్యార్థికి ఆ సంతలో అడుగుపెట్టే వీలే లేదు. మూడో మెట్టు లండన్, జెనీవా, న్యూయార్క్, సింగపూర్‌లలో ఎల్‌ఎల్‌ఎం. నాలుగోది జీతం లేని, లేదా అద్దెకు కూడా చాలని జీతమున్న ఇంటర్న్‌షిప్. ఆ తరువాత పెద్ద న్యాయ సంస్థలో అసోసియేట్, లేదా ట్రిబ్యునల్ అధ్యక్షుడికి కార్యదర్శి. ఈ కార్యదర్శి పదవిని బయటివారు పెద్దగా పట్టించుకోరు. పెద్దల మాట తీరు, తీర్పు రాసే పద్ధతి, ఒకరినొకరు పలకరించుకునే ధోరణి పట్టుబడేది అక్కడే. అది గురుకులం. దాని ద్వారం ఎవరికి తెరుచుకుంటుందో కూడా గురుకులం తరహాలోనే తేలుతుంది.

ఇంత దూరం వచ్చాక కూడా ఆర్బిట్రేటర్ కావడానికి పరీక్ష లేదు, నోటిఫికేషన్ లేదు, రోస్టర్ లేదు. ఎవరో ఒకరు పేరు చెప్పాలి. లాయర్లు తమకు తెలిసినవారి పేరు చెబుతారు, ఆ ఆర్బిట్రేటర్లు మరో కేసులో లాయర్లుగా వచ్చి వీరి పేరు చెబుతారు. ఒకచోట వకీలు, ఇంకోచోట పెద్దమనిషి. ఈవ్ డెజాలే, బ్రయంట్ గార్త్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1996లో ప్రచురించిన గ్రంథం ఈ లోకాన్ని చిన్న క్లబ్బుగా, తన సభ్యుల ‘సచ్ఛీలత’నే సరుకుగా అమ్ముకునే వర్గంగా వర్ణించింది. 2012లో రెండు ఐరోపా పరిశోధక సంస్థలు వేసిన లెక్క ప్రకారం, అప్పటివరకు తెలిసిన 450 పెట్టుబడి వివాదాల్లో 55 శాతం కేవలం 15 మంది ఆర్బిట్రేటర్ల చేతుల మీదుగా సాగాయి. ఇక్సిడ్ నియామకాల్లో మొదటి నుంచీ దాదాపు మూడింట రెండు వంతులు పశ్చిమ ఐరోపా, ఉత్తర అమెరికా వారివే. కేసులు ఎదుర్కొన్నదేమో ఎక్కువగా లాటిన్ అమెరికా, ఆఫ్రికా, ఆసియా, తూర్పు ఐరోపా దేశాలు. ఇక్సిడ్ 2022 నుంచి ఆర్బిట్రేటర్‌కు గంటకు 500 డాలర్ల రుసుము అనుమతిస్తోంది.

మన దేశానికొస్తే దారి ఇంకాస్త ఇరుకు. ఇక్కడ పెద్ద ఆర్బిట్రేషన్లలో పెద్దరికం విశ్రాంత న్యాయమూర్తులది. కాబట్టి ఆర్బిట్రేటర్ల సామాజిక నేపథ్యం తెలుసుకోవాలంటే హైకోర్టుల్ని చూస్తే సరిపోతుంది. 2018 నుంచి నియమితులైన 715 మంది హైకోర్టు న్యాయమూర్తుల్లో ఎస్సీలు 22 మంది, ఎస్టీలు 16 మంది, ఓబీసీలు 89 మంది అని కేంద్ర న్యాయశాఖ 2025లో పార్లమెంటుకు చెప్పింది. ఈ బెంచీలు పదవీ విరమణ చేశాక వచ్చేదే రేపటి ఆర్బిట్రేటర్ల జాబితా. 2021 డిసెంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం ప్రారంభమైనప్పుడు మన పత్రికలన్నీ పెట్టుబడుల రాక గురించి రాశాయి. దాని జాబితాలో ఎవరుంటారన్న చర్చ మాత్రం నడవలేదు.

‘ఇది ప్రైవేటు వ్యవహారం, ఇద్దరు కక్షిదారులు తమకు నచ్చినవారిని ఎంచుకుంటే సమానత్వ హక్కుతో పనేమిటి’ అన్నది ఈ వృత్తి పెద్దల సమాధానం. దీనికి న్యాయస్థానాల మద్దతు కూడా ఉంది. జీవ్‌రాజ్, హశ్వానీ అనే ఇద్దరు వ్యాపారులు 1981లో ఉమ్మడి వ్యాపార ఒప్పందం రాసుకున్నారు. వివాదం వస్తే ముగ్గురు ఆర్బిట్రేటర్లూ ఇస్మాయిలీ సమాజానికి చెందినవారే కావాలని అందులో షరతు. దశాబ్దాల తరువాత హశ్వానీ ఆ సమాజానికి చెందని ఒక విశ్రాంత న్యాయమూర్తి పేరు ప్రతిపాదించాడు. ఆ షరతు మత వివక్ష నిషేధ నిబంధనలకు విరుద్ధమని అప్పీల్ కోర్టు 2010లో చెప్పింది. మరుసటి ఏడాది బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. ఆర్బిట్రేటర్ ఎవరికీ ఉద్యోగి కాడు, అతడి నియామకం ఉద్యోగం కాదు, కాబట్టి ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే చట్టం ఆ గదిలోకి రాదు అన్నది దాని సారాంశం. మైనారిటీ సమాజం తన తగాదాలను తానే తీర్చుకునే వెసులుబాటుగా ఆ తీర్పును సమర్థించేవారున్నారు. ఆ వాదనలో కొంత బలం లేకపోలేదు. కానీ ఆ తర్కం ఇస్మాయిలీల దగ్గర ఆగదు. షరతు కాగితం మీద రాయకుండా అలవాటుగా అమలయ్యే చోట, అంటే ప్రపంచంలో దాదాపు ప్రతిచోటా, అదే తర్కం రక్షణ కవచమవుతుంది.

అమెరికాలో ఈ కవచాన్ని గట్టిగా తట్టినవాడు న్యాయవాది కాదు, గాయకుడు. 2018 నవంబరులో జే-జీ ఒక వస్త్ర వ్యాపార సంస్థతో వచ్చిన ట్రేడ్‌మార్కు వివాదంలో ఆర్బిట్రేటర్‌ను ఎంచుకోబోయి, అమెరికన్ ఆర్బిట్రేషన్ అసోసియేషన్ జాబితాలో నల్లజాతి వారు దాదాపు లేరని గమనించాడు. ఇది న్యూయార్క్ వివక్ష నిరోధక చట్టాలకు విరుద్ధమని కోర్టుకెళ్లాడు. కోర్టు ఆ ఆర్బిట్రేషన్‌ను తాత్కాలికంగా ఆపింది. జాబితాను విస్తరిస్తామని సంస్థ ముందుకొచ్చాక ఆయన పిటిషన్ వెనక్కి తీసుకున్నాడు. సూత్రం తేలకుండానే కేసు ముగిసింది. కోట్ల డాలర్ల కక్షిదారు కాబట్టి అతడి మాట విన్నారు, మామూలు కార్మికుడు అడిగి ఉంటే వినేవారా అన్నది వేరే సంగతి.

మనకు ఇదంతా కొత్త కథ కాదు. అంబేడ్కర్ 1922లో గ్రేస్ ఇన్ నుంచి బారిస్టరై, మరుసటి ఏడాది బొంబాయిలో ప్రాక్టీసు మొదలుపెట్టారు. బొంబాయి హైకోర్టు ఒరిజినల్ సైడ్‌లో బారిస్టర్‌కు కేసు సొలిసిటర్ ద్వారానే రావాలి. కొలంబియా, లండన్ పట్టాలున్నా ఆ సొలిసిటర్ల గుమ్మాలు ఆయనకు తెరుచుకోలేదని జీవిత చరిత్రకారులు నమోదు చేశారు. విద్యార్హతను ఎవరూ ప్రశ్నించలేదు. పేరు చెప్పేవాడు లేడు, అంతే. నా విద్యార్థిని అడిగిన ప్రశ్నకు వయసు నూరేళ్లు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. గంటకు 500 డాలర్ల కొలువుల్లో నాలుగు దళిత, ఆదివాసీ ముఖాలు కనబడితే వాడలకు, గూడేలకు ఒరిగేదేమిటి? మా వామపక్ష మిత్రులు దీన్ని ఇంకా ఘాటుగా అడుగుతారు. ముఖాల లెక్క మాత్రమే అయితే ఈ వ్యాసం రాయవలసిన పని లేదు. ఆ గదిలో తేలే విషయాలు మన బతుకులకు సంబంధించినవి కాబట్టే రాస్తున్నాను. అందుకు దక్షిణాఫ్రికా గ్రానైట్ కేసును మించిన ఉదాహరణ నాకు తెలియదు.

1913 భూమి చట్టంతో నల్లజాతీయులను తమ దేశపు నేలలో ఏడు శాతానికి కుదించిన దేశం అది. వర్ణవివక్ష పాలన కూలాక, చారిత్రక అన్యాయానికి గురైనవారి కోసం ప్రత్యేక చర్యలను 1996 రాజ్యాంగంలోని తొమ్మిదో అధికరణం అనుమతించింది. మన 15(4), 16(4)లకు అది తోబుట్టువు. ఆ వెలుగులో 2002లో ఖనిజ వనరుల చట్టం వచ్చింది. ఖనిజాలు జాతి ఆస్తి, పాత గని హక్కులున్నవారు కొత్త హక్కులకు దరఖాస్తు చేసుకోవాలి, పదేళ్లలో 26 శాతం వాటా చారిత్రకంగా వంచితులైనవారి చేతికి రావాలి అన్నది ఆ చట్టం, దాని వెంట వచ్చిన మైనింగ్ చార్టర్ కలిసి చెప్పిన మాట. అంటే ప్రైవేటు రంగంలో, ఉద్యోగాల్లో మాత్రమే కాక యాజమాన్యంలోనే వాటా. మన దేశంలో ఎవరూ ఇంకా ఊహించడానికి కూడా సాహసించని స్థాయి రిజర్వేషన్.

గ్రానైట్ క్వారీల్లో పెట్టుబడి పెట్టిన కొందరు ఇటాలియన్లు, ఒక లక్సెంబర్గ్ కంపెనీ కలిసి 2006లో ఇక్సిడ్ తలుపు తట్టారు. పియరో ఫొరెస్తీ కేసుగా అది ప్రసిద్ధం. దక్షిణాఫ్రికా స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, పెట్టుబడుల కోసం ఐరోపా దేశాలతో ఆదరాబాదరాగా చేసుకున్న ఒప్పందాలే వారి ఆయుధాలు. 26 శాతం వాటా వదులుకోమనడం ఆస్తి స్వాధీనమే, మాతో న్యాయంగా వ్యవహరించలేదు, విదేశీయులమైన మాకు సమాన ఆదరణ దక్కలేదు అని వారి వాదన. సమానత్వం అన్న మాట ఎవరి నోట ఎలా మారుతుందో చూడండి. ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం ముందు నిలవడం కష్టమైన వాదన, ముగ్గురు ప్రైవేటు వ్యక్తుల ముందు గంభీరమైన వివాదంగా నిలిచింది. ఆ ముగ్గురు వాన్ లోవ్, చార్లెస్ బ్రౌవర్, జోసెఫ్ మాథ్యూస్. ఒకరు ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు, ఇద్దరు అమెరికన్లు. వారి పాండిత్యాన్ని నేను శంకించడం లేదు. వర్ణవివక్షకు పరిహారంగా వచ్చిన చట్టం చెల్లుతుందో లేదో చెప్పవలసిన అరుగు మీద, ఆ వివక్షను అనుభవించిన సమాజం నుంచి ఒక్కరూ లేరని గుర్తుచేస్తున్నానంతే.

కొన్ని పౌర సంస్థలు, మానవ హక్కుల కేంద్రాలు మమ్మల్ని కూడా వినండని కోరితే ట్రిబ్యునల్ అనుమతించింది, పత్రాలు చూడనిచ్చింది. అది ఆ వేదికల చరిత్రలో చెప్పుకోదగ్గ అడుగు. కానీ వారి వాదన వినబడకముందే కథ వేరే దారి పట్టింది. పెట్టుబడిదారులు ప్రభుత్వంతో రాజీ కుదుర్చుకున్నారు. 26 శాతం వాటా అమ్మకుండానే వారికి కొత్త హక్కులు దక్కాయి. బదులుగా కొంత రాయిని స్థానికంగా ప్రాసెస్ చేయడం, ఉద్యోగులకు 5 శాతం వాటా ఇవ్వడం. ఆ తరువాత కేసు ఉపసంహరించుకుంటామన్నారు. 2010 ఆగస్టు 4న వెలువడిన అవార్డు చట్టం మంచిచెడుల జోలికే పోలేదు. ఖర్చుల కింద ప్రభుత్వానికి 4 లక్షల యూరోలు ఇమ్మంది. ప్రభుత్వానికి అయిన ఖర్చు 50 లక్షల యూరోలకు పైమాటే.

కాగితం మీద దక్షిణాఫ్రికా ఓడిపోలేదు. ఇరవై ఆరు మాత్రం ఐదైంది. తీర్పు లేకుండానే, నోటీసు బరువుతోనే ఒక సామాజిక న్యాయ విధానం ఎలా వంగుతుందో తెలుసుకోవాలంటే ఆ అవార్డు పుటలు తిరగేయాలి. ఆ దెబ్బకు దక్షిణాఫ్రికా 2012 నుంచి ఆ ఒప్పందాలను ఒక్కొక్కటిగా రద్దు చేసుకుంది, 2015లో సొంత పెట్టుబడి రక్షణ చట్టం చేసుకుంది.

మరో కేసు మన పొరుగుదే. 1987 జనవరిలో శ్రీలంకలోని మట్టక్కళప్పు ప్రాంతంలో తమిళ తిరుగుబాటుదారుల కోసం భద్రతా దళాలు జరిపిన దాడిలో ఒక రొయ్యల ఫారం ధ్వంసమైంది, అందులో పనిచేసేవారు ఇరవై మందికి పైగా చనిపోయారు. ఫారంలో వాటా ఉన్న హాంకాంగ్ కంపెనీ ఇక్సిడ్‌కు వెళ్లి 1990లో 4 లక్షల 60 వేల డాలర్లు, దానిపై వడ్డీ గెలుచుకుంది. ద్వైపాక్షిక పెట్టుబడుల ఒప్పందం ఆధారంగా వచ్చిన మొట్టమొదటి ఇక్సిడ్ అవార్డు ఇదే, నేటికీ ప్రతి పాఠ్యగ్రంథంలో ఉంటుంది. రొయ్యల చెరువు విలువ ఎలా కట్టారో విద్యార్థులకు నేనూ చెబుతాను. చనిపోయిన పనివాళ్ల కుటుంబాలకు ఆ వేదికలో కక్షిదారు హోదాయే లేదు.

ఆ ముగ్గురిలో మెజారిటీతో విభేదించిన ఆర్బిట్రేటర్ శామ్యూల్ అసాంటే. ఘనా దేశస్థుడు. సొలిసిటర్ జనరల్‌గా పనిచేసి, ఐక్యరాజ్యసమితిలో బహుళజాతి సంస్థల కేంద్రాన్ని నడిపి, తరువాత తమ దేశ 1992 రాజ్యాంగానికి ప్రతిపాదనలు రూపొందించిన నిపుణుల సంఘానికి అధ్యక్షత వహించినవాడు. వలస పాలన నుంచి బయటపడిన చిన్న రాజ్యం అంతర్యుద్ధంలో ఎంతవరకు బాధ్యత మోయగలదన్న ప్రశ్న అతడికి చదువుకుని తెలుసుకున్నది కాదు. అతడి అభిప్రాయం గెలవలేదు. అది సరైనదేనా అన్నదానిపై నాకూ సందేహాలున్నాయి, మరణించినవారు తమిళ శ్రామికులు కాబట్టి. కానీ ఆ విడి అభిప్రాయం పాఠ్యగ్రంథాల్లో అవార్డు పక్కనే ఉంది, మూడున్నర దశాబ్దాలుగా చర్చలో ఉంది. ఒక కుర్చీ చేసే పని అది.

ఇప్పుడు మా విద్యార్థిని ఊరి వైపు వద్దాం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వరాదని 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో చెప్పింది. అయినా విశాఖ మన్యపు బాక్సైట్‌ను ప్రభుత్వ సంస్థ తవ్వి ప్రైవేటు రిఫైనరీకి ఇచ్చే ఏర్పాటు జరిగింది. మాకవరపాలెంలో రిఫైనరీ కట్టిన కంపెనీలో యూఏఈలోని రస్ అల్ ఖైమా ప్రభుత్వ పెట్టుబడి సంస్థకు వాటా ఉండేది. ఏజెన్సీ జనం ఏళ్ల తరబడి ప్రతిఘటించారు, బాక్సైట్ కదల్లేదు. ఆ విదేశీ సంస్థ భారత్–యూఏఈ పెట్టుబడుల ఒప్పందం కింద భారత ప్రభుత్వంపై ఆర్బిట్రేషన్‌కు వెళ్లింది. జెర్రెల కొండ మీద మొదలైన తగాదా, ఆ కొండ పేరు పలకడం కూడా రాని గదిలోకి చేరింది. ఆదివాసీల తరఫున మాట్లాడవలసింది ప్రభుత్వ న్యాయవాదులే. నిన్నటిదాకా అదే బాక్సైట్ తవ్వుతామన్న ప్రభుత్వం, తవ్వకపోవడాన్ని ఎంత నమ్మకంగా సమర్థించుకోగలదు?

కాబట్టి కుర్చీ ఒక్కటే సరిపోదు, కాగితం రాసే బల్ల దగ్గర కూడా ఉండాలి. న్యూజిలాండ్ 2001లో సింగపూర్‌తో చేసుకున్న ఒప్పందం నుంచి తన వాణిజ్య ఒప్పందాల్లో ఒక మినహాయింపు రాసుకుంటోంది. మావోరీలకు అనుకూలంగా ప్రభుత్వం తీసుకునే చర్యలకు ఒప్పందం అడ్డురాదన్నది దాని సారం. ఒక్క పేరా. అది రాయించడం వెనుక మావోరీల దశాబ్దాల పోరాటం, మావోరీ న్యాయవాదుల తరం ఉన్నాయి. వైట్ ఇండస్ట్రీస్ కేసులో 2011లో ఓడిపోయాక మన ప్రభుత్వం పాత ఒప్పందాలను చాలావరకు రద్దు చేసి, 2016 నమూనాతో కొత్తవి రాసుకుంటోంది. యూఏఈతో కొత్త ఒప్పందం 2024 ఆగస్టు 31న అమల్లోకి వచ్చింది. దేశీయ కోర్టుల్లో ఐదేళ్లు పోరాడాకే ఆర్బిట్రేషన్‌కు వెళ్లాలన్న నమూనా షరతును అందులో మూడేళ్లకు తగ్గించారు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ కోసం రేపు చట్టం వస్తే, ఏజెన్సీలో గ్రామసభ ఒక గనిని వద్దంటే, ఈ ఒప్పందాల కింద దానికి రక్షణ ఎంత అని పార్లమెంటులో చర్చ జరగలేదు. జరగవలసిన అవసరమూ మన పద్ధతిలో లేదు, మంత్రివర్గ ఆమోదం చాలు.

అయితే రాజ్యాంగంలో ఒక వాక్యం ఉంది. ఎస్సీలను, ఎస్టీలను ప్రభావితం చేసే ప్రధాన విధాన నిర్ణయాలన్నింటిలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు సంబంధిత జాతీయ కమిషన్‌ను సంప్రదించి తీరాలని 338(9), 338ఎ(9) అధికరణాలు చెబుతున్నాయి. గనులు, భూములు, ఉపాధి మీద ప్రభావం చూపే పెట్టుబడుల ఒప్పందం ప్రధాన విధాన నిర్ణయం కాకపోతే మరేది అవుతుంది? విదేశీ విద్యకు కేంద్రం ఏటా ఇచ్చే 125 స్కాలర్‌షిప్పుల్లో ఎన్ని ఈ రంగానికి వెళ్తున్నాయి, ప్రభుత్వం తన తరఫున ఆర్బిట్రేటర్‌ను, లాయర్లను నియమించేటప్పుడు ఎవరి పేర్లు పరిశీలిస్తోంది అన్నవి కూడా అడగవలసిన ప్రశ్నలే. ప్రైవేటు కక్షిదారుకు సమానత్వ సూత్రం వర్తించదనుకున్నా, ప్రభుత్వానికి 14వ అధికరణం వర్తించకుండా పోదు.

మా విద్యార్థిని వియన్నా వెళ్లలేదు, జట్టు ఖర్చుకు డబ్బు సమకూరలేదు. డిసర్టేషన్‌కు మాత్రం 338ఎ(9) అధికరణం, పెట్టుబడుల ఒప్పందాలు అనే అంశం తీసుకుంది. ఏ ఒప్పందానికి ముందు కమిషన్‌ను సంప్రదించారో తెలపమని సమాచార హక్కు చట్టం కింద కేంద్రానికి దరఖాస్తు పెట్టింది. జవాబు కోసం ఎదురుచూస్తోంది.